ఏ పోరుగడ్డకు పోదాం?

(ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలో జరిగిన మన సంఘం యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పిలిచిన తమ్ముళ్ళు అడిగింది చిన్న సంగతి. "మేడం, చరిత్ర యాత్రకు పోతున్నం, దారిలో పాటించాల్సిన జాగ్రత్తలు పది నిమిషాలు చెప్పండి" అన్నారు. వార్డెన్ అంటే జాగ్రత్తలు చెప్పే మనిషే కాబట్టి సరే అన్నాను. తర్వాత మీ వాట్సాప్ గ్రూపులో నన్ను చేర్చారు. రెండు రోజులు ఆ గ్రూపు చదివితే అర్థమైంది, జాగ్రత్తల సంగతి తర్వాత, అసలు ఎక్కడికి పోవాలో ఇంకా తేలలేదు. చందా డబ్బులు ఒక్క బస్సుకు, ఒక్క యాత్రకు సరిపోతాయి. సగం మంది జోడేఘాట్ అంటున్నారు. సగం మంది కృష్ణదేవిపేట, కొయ్యూరు అంటున్నారు. సినిమాలో భీంను, అల్లూరిని ప్రాణ స్నేహితులుగా చూపించారు, మీరేమో గ్రూపులో ఇద్దరినీ కొట్లాటకు దింపారు. నిజానికి వాళ్ళిద్దరూ కలిసింది సినిమాలోనే. అల్లూరి 1924లో పోయారు, భీం పోరు నడిచింది 1930ల చివరలో, 1940లో. ఒకరిది గోదావరి అవతలి మన్యం, ఒకరిది ఆదిలాబాద్ అడవి.

మధ్యలో ఎవరో ఒక తమ్ముడు "బొబ్బిలి పోదాం, కోట ఉంటది, ఫోటోలు బాగొస్తయి" అని పెట్టాడు. అందరూ అతని మీద పడ్డారు. పాపం, అతను అడిగిన దాంట్లో తప్పేం లేదు. యుద్ధభూమి చూడాలని పోయేవాడు అక్కడ చూడటానికి ఏముందో అడగాలి కదా. అందుకే నేను కూడా అక్కడి నుంచే మొదలు పెడతాను.

రాజులు కొట్లాడిన చోట్లు చూడటానికి వీలుగా ఉంటాయి. బొబ్బిలి యుద్ధం 1757 జనవరి 24న జరిగింది. కోట ఉంది, స్మారక స్తంభం ఉంది, చెప్పడానికి తాండ్ర పాపారాయుడి కథ ఉంది. మరుసటి ఏడాది డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు కొట్లాడుకున్నారు, ఉత్తర సర్కారులు ఎవరి చేతికి పోవాలో అక్కడ చాలావరకు తేలిపోయింది. భీమిలి దగ్గర పద్మనాభంలో 1794 జూలై 10న విజయనగరం రాజు విజయరామ గజపతి కంపెనీ సేన చేతిలో చనిపోయారు. ఆ యుద్ధం గంట కూడా సాగలేదంటారు. ఇవన్నీ మైదానాలు. ఒక పక్క ఒక సైన్యం, ఇంకో పక్క ఇంకో సైన్యం, మధ్యలో తేదీ, సమయం. పాఠ్యపుస్తకంలో పటం గీయడానికి కూడా బాగుంటుంది. నేను టీచర్ ట్రైనింగులో అట్లాంటి పటాలు చాలానే గీశాను, బాణం గుర్తులు పెట్టి, రంగులు వేసి.

మన వాళ్ళ పోరాటాలకు అట్లాంటి పటం గీయలేం. అడవిలో కొట్లాడేవాడు మైదానంలోకి రాడు. వచ్చాడంటే ఓడిపోతాడు. 1922 డిసెంబరులో పెదగడ్డపాలెం దగ్గర అల్లూరి దళానికి జరిగింది అదే, ఎదురుపడి కాల్పులకు దిగాక చాలామందిని పోగొట్టుకున్నారు. అంతకు ముందు సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో గెలిచింది మాత్రం పొదల్లో దాగి. పోలీసుల ముందు వరుసను పోనిచ్చి, వెనక వస్తున్న ఇద్దరు తెల్ల అధికారులు స్కాట్ కవర్డ్‌ను, హైటర్‌ను కాల్చారు. అంటే మన పోరుగడ్డ ఒక మలుపు. ఒక వాగు దాటే చోటు. ఒక ఘాట్ రోడ్డు. బస్సు ఆపి దిగితే చెట్లే కనబడతాయి. "ఇక్కడేముంది మేడం" అని అడుగుతారు. ముందే తెలుసుకుని పోయినవాడికి ఆ మలుపే చాలు. తెలుసుకోకుండా పోయినవాడికి మాత్రం కోట ఉన్న బొబ్బిలే నయం, నేను ఈ మాట నిజంగానే అంటున్నాను.

కాబట్టి నా మొదటి ప్రతిపాదన మీకు నచ్చకపోవచ్చు. బస్సు మాట్లాడేముందు తార్నాకలోనే ఒక రెండు రోజులు గడపాలి. నవ్వకండి. మీలో చాలామంది రోజూ తార్నాక చౌరస్తా దాటుతారు. అక్కడే రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది, పాత పత్రాలు దాచిపెట్టిన ప్రభుత్వ సంస్థ. నిజాం సర్కారు కాగితాలు అక్కడ ఉన్నాయి. మన తాతల మీద పెట్టిన కేసులు, అడవి హద్దుల గొడవలు, తాలూక్దార్లు పైకి రాసిన ఉత్తరాలు, ఆ కాలం సర్కారు మనుషులు ఏమనుకున్నారో తెలిసేది అట్లాంటి కాగితాల్లోనే. రైలుకు, బస్సుకు వేలు పెట్టడానికి సిద్ధంగా ఉన్నాం, మెట్రో దిగి నడిచి పోయే దూరంలో ఉన్న చోటికి మనలో ఎంతమంది పోయారు? చేతులెత్తండి. ... ముగ్గురు. సరే, ముగ్గురైనా ఉన్నారు.

ఇంకా దగ్గరి సంగతి చెప్తాను. మనం కూర్చున్న చోటు నుంచి ఆర్ట్స్ కాలేజీ కనబడుతుంది. ఆ భవనాన్ని ఏడో నిజాం ప్రారంభించింది 1939 డిసెంబరు 4న. ఇంత గ్రానైటు, ఇన్ని కమానులు, ఎంత అందంగా కట్టారో మీరే చూస్తున్నారు. ఆ మరుసటి ఏడాదే జోడేఘాట్ గుట్ట మీద భీంను, ఆయన అనుచరులను కాల్చి చంపారు. అదే రాజ్యం, అదే ఖజానా. ఇక్కడ గోడలు లేస్తున్న ఏళ్ళలోనే అక్కడ గోండుల, కొలాముల గుడిసెలను అడవి సిబ్బంది తగలబెడుతున్నారు. అడవి హద్దు రాళ్ళు పాతి, నిన్నటి దాకా దున్నుకున్న భూమిని రిజర్వు అన్నారు. పశువుల మేతకు పన్ను, కట్టె కొడితే జరిమానా. తర్వాత ఆ తిరుగుబాటుకు కారణమేంటో తెలుసుకోమని సర్కారు పంపిన హైమన్‌డార్ఫ్ దొర, కొన్నేళ్ళకు ఇదే ఉస్మానియాలో ఆంత్రోపాలజీ ప్రొఫెసరు అయ్యారు. కాబట్టి జోడేఘాట్ కథలో సగం ఈ క్యాంపస్‌లోనే ఉంది. ఆ సగం చూడకుండా మిగతా సగానికి బస్సు వేసుకుని పోతే ఎట్లా?

నగరంలోనే ఇంకో చోటు కూడా ఉంది. కోఠిలో పాత బ్రిటిష్ రెసిడెన్సీ. ఇప్పుడది చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయం. మా హాస్టల్ నుంచి అక్కడ చదివే పిల్లలు ఉన్నారు. 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ జనంతో కలిసి దాని మీద దాడి చేశారు. తుర్రెబాజ్ ఖాన్‌ను తర్వాత పట్టుకుని చంపి, శవాన్ని జనానికి కనబడేలా వేలాడదీశారు. మౌల్వీని అండమాన్ పంపారు. రోజూ ఆ గేటు దాటి క్లాసుకు పోయే పిల్లను అడిగితే "మా కాలేజీ దయ్యాల బంగ్లా మేడం" అంటుంది. దయ్యాల సంగతి తెలిసింది కానీ దాడి సంగతి తెలియలేదు. ఇది ఆ పిల్ల తప్పు కాదు, ఎవరూ చెప్పలేదు. సిటీ బస్సు టికెట్టుతో అయిపోయే యాత్ర ఇది.

ఇప్పుడు అసలు తగాదాకు వస్తాను.

కృష్ణదేవిపేట వైపు మాట్లాడిన తమ్ముళ్ళు బాగా మాట్లాడారు. అక్కడ అల్లూరి సమాధి ఉంది. మంప దగ్గర పట్టుబడి, కొయ్యూరులో 1924 మే 7న ఆయన చనిపోయారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి, వరసగా మూడు రోజులు మూడు పోలీసు స్టేషన్ల మీద దాడి. తుపాకులు తీసుకుని, ఏమేం తీసుకున్నామో స్టేషన్ రికార్డులో రాసి మరీ పోయారు. ఆ ఊర్లన్నీ నేటికీ ఉన్నాయి. రాత్రి రైలెక్కితే తెల్లవారేలోపు తునిలో దిగుతాం, అక్కడి నుంచి నర్సీపట్నం మీదుగా బస్సు. 2022లో ఆ మన్యానికి ఆయన పేరు మీద జిల్లా కూడా వచ్చింది.

నేను అడిగేది ఒకటే. అక్కడికి పోయి ఎవరి పేరు వెతుకుతాం? అల్లూరి బయటి నుంచి వచ్చి మన కోసం ప్రాణం ఇచ్చారు, ఆ గౌరవం ఎప్పుడూ ఉంటుంది. కానీ ఆ పోరు మొదలైంది ఒక రోడ్డు మీద. నర్సీపట్నం నుంచి లంబసింగి దాకా ఘాట్ రోడ్డు వేయించారు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన్యం వాళ్ళతో ఆ పని చేయించి కూలి సరిగ్గా ఇవ్వలేదు, అడిగినవాళ్ళను కొట్టించాడు. మునసబు పని పోగొట్టుకున్న గాం గంటం దొర, ఆయన తమ్ముడు మల్లు దొర ఆ కోపంలో నుంచి వచ్చినవాళ్ళే. గంటం దొర 1924లోనే కాల్పుల్లో చనిపోయారు. మల్లు దొర అండమాన్ జైలుకు పోయి, బతికి తిరిగొచ్చి, 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యారు. అండమాన్ నుంచి పార్లమెంటు దాకా పోయిన మన్యం మనిషి పేరు మీలో ఎంతమందికి తెలుసు? ఆ ఇద్దరు ఇంగ్లీషు అధికారుల సమాధులు నర్సీపట్నంలో ఉన్నాయి, పేర్లు చెక్కి. వాళ్ళతో కొట్లాడి చచ్చిన మన్యం వాళ్ళలో ఎక్కువ మందికి పేరు చెక్కిన రాయి లేదు.

ఇంకో విచిత్రం వినండి. లంబసింగి ఇప్పుడు చలికాలం టూరిస్టుల ఊరు. డిసెంబరు, జనవరి వచ్చిందంటే తెల్లవారుజామున మంచు చూడటానికి కార్లు బారులు తీరుతాయి. ఆంధ్రా కశ్మీర్ అంటారు. ఆ కార్లన్నీ పోయేది ఎక్కడి మీదుగా? కూలి ఎగ్గొట్టి కొండ కొట్టించిన ఆ దారి మీదుగానే. నన్ను అడిగితే రంప పోరాటానికి అసలు స్మారకం ఆ రోడ్డే. మనం అక్కడికి పోయేనాడు ఒక రెండు కిలోమీటర్లు బస్సు దిగి నడవాలి. సమాధి దగ్గర పూలదండ ఐదు నిమిషాల పని, ఆ ఘాట్ ఎక్కడానికి ఊపిరి కావాలి.

ఇక జోడేఘాట్. ముందు పేరు సంగతి. కొమురం, కొమరం, కుమురం అని ఎవరికి తోచినట్టు వాళ్ళు రాస్తున్నారు. గోండు తమ్ముళ్ళు కుమ్రం అంటారు, అది వాళ్ళ ఇంటి పేరు, దాని వెనక వాళ్ళ దేవతల లెక్క ఉంది. మన బ్యానరు మీద వాళ్ళను అడిగి రాయించండి. పుట్టింది సంకెపల్లి. పొలం గొడవలో ఒకరి ప్రాణం పోవడం, భీం ఊరు విడిచి పోవడం, అస్సాం తేయాకు తోటల్లో కూలి చేయడం, తిరిగొచ్చి పన్నెండు ఊర్లను ఒక్కటి చేయడం, ఈ కథ మీకు తెలుసు. సర్కారు ఒక దశలో పట్టాలిస్తామని రాయబారం పంపింది. భీం అడిగింది అంతకంటే ఎక్కువ, మా ఊర్ల మీద పెత్తనం మాకే ఉండాలన్నాడు. జల్, జంగల్, జమీన్ అనే మూడు మాటలు ఈ రోజు దేశమంతా అంటున్నది అక్కడి నుంచే.

ఆయన చనిపోయిన తేదీ ఒక్కో పుస్తకంలో ఒక్కో రకంగా ఉంటుంది. ఊరివాళ్ళకు ఆ గొడవ లేదు, ఆశ్వయుజ పౌర్ణమి నాడు చేస్తారు. పౌర్ణమికి తేదీ మారుతుంది, వెన్నెల మారదు. ఇప్పుడు అక్కడ మ్యూజియం ఉంది, విగ్రహం ఉంది, ఘాట్ రోడ్డు బాగైంది. కాబట్టి ఫోటోల తమ్ముడికి కూడా ఇబ్బంది లేదు.

గ్రూపులో చాలామంది "పౌర్ణమి నాడే పోదాం" అన్నారు. నేను వద్దంటాను. ఆ రోజు మంత్రులు వస్తారు, అధికారులు వస్తారు, దర్బారు పెడతారు, పోలీసు బందోబస్తు ఉంటుంది. అది ఆ ఊరివాళ్ళు పెద్దలను కలిసి తమ అర్జీలు ఇచ్చుకునే రోజు. ఏడాదికి ఒక్కసారి వచ్చే అవకాశం. మనం హైదరాబాదు నుంచి బస్సు దిగి, ఆ వరసలో అడ్డం నిలబడి సెల్ఫీలు దిగడం నాకు బాగా అనిపించదు. పౌర్ణమి దాటాక దండారి మొదలవుతుంది, గుస్సాడీలు ఊరూరా తిరుగుతారు. అప్పుడు పోతే ఆట చూడొచ్చు. కానీ దండారి చుట్టరికాల పండుగ, ఒక ఊరు ఇంకో ఊరికి విందుకు పోతుంది, లెక్క ప్రకారం వంట చేస్తారు. పిలవకుండా నలభై మంది దిగితే ఆ ఇంటి ఆడవాళ్ళ గతి ఏంటో ఆలోచించండి. దీపావళి దాటాక పత్తి ఏరే పని. పగలు ఊర్లో ముసలివాళ్ళు తప్ప ఎవరూ ఉండరు. నేను లెక్క వేసుకున్నది ఏంటంటే, జనవరి మొదటి వారాల్లో పోవడం మేలు. పత్తి పని కొంత తగ్గుతుంది, చలికి దుప్పట్లు తెచ్చుకుంటే సరి. జనవరి 11న మార్లవాయిలో హైమన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టీ సమాధుల దగ్గర స్మరణ ఉంటుంది. గోండు పిల్లలకు గోండి భాషలోనే చదువు చెప్పడానికి 1943లో టీచర్లను తయారుచేసే బడి పెట్టిన ఊరు అది. టీచర్ ట్రైనింగు చేసిన మనిషిగా నాకు ఆ ఊరి మీద మమకారం ఎక్కువ, దాచుకోను.

దారి సంగతి. రైలుకైతే సికింద్రాబాద్ నుంచి ఆసిఫాబాద్ రోడ్ లేదా కాగజ్‌నగర్. ఆసిఫాబాద్ రోడ్ స్టేషన్ వేరు, ఆసిఫాబాద్ ఊరు వేరు, అది గుర్తు పెట్టుకోండి, అర్ధరాత్రి దిగి ఊరేదని వెతకొద్దు. బస్సుకైతే నిర్మల్ మీదుగా. 300 కిలోమీటర్ల పైనే. నేను బస్సు అంటాను, ఎందుకంటే ఆ ఒక్క దారిలో మూడు కాలాలు తగులుతాయి. నిర్మల్‌లో రాంజీ గోండు, ఆయనతో పాటు వెయ్యి మందిని 1860లో ఒకే మర్రికి ఉరి తీశారని చెప్తారు, వెయ్యి ఉరుల మర్రి అంటారు. ఆ చెట్టు ఇప్పుడు లేదు. గుడిహత్నూర్ దగ్గర తిరిగితే ఇంద్రవెల్లి. ఉట్నూరు, జైనూరు దాటితే మార్లవాయి, కెరమెరి, జోడేఘాట్.

ఇంద్రవెల్లి దగ్గర కొంచెం ఆగి మాట్లాడాలి.

మీ యాత్ర ప్రణాళికలో ఒక లైను చూశాను. "11 గంటలకు కుంటాల జలపాతం, 1 గంటకు ఇంద్రవెల్లి స్తూపం 20 నిమిషాలు, 2 గంటలకు భోజనం." రాసినవాళ్ళ పేరు అడగను. 1981 ఏప్రిల్ 20న అక్కడ మీటింగుకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్క 13 మంది. ఊర్లలో చెప్పే లెక్క దానికి ఎన్నో రెట్లు. భూమి కావాలి, పంటకు ధర కావాలి అని అడగడానికి, సంత రోజు అని కూడా వచ్చినవాళ్ళు ఉన్నారు. తర్వాత కట్టిన స్తూపాన్ని ఎవరో పేల్చేశారు, మళ్ళీ కట్టారు. ఏళ్ళ తరబడి ఏప్రిల్ 20 వచ్చిందంటే అక్కడికి ఎవరినీ పోనిచ్చేవాళ్ళు కాదు. సొంత తండ్రికి దీపం పెట్టుకోవడానికి కూడా అనుమతి అడగాల్సి వచ్చింది.

దాన్ని పోరుగడ్డ అనాలా? నేను అనను. ఒక పక్క మాత్రమే తుపాకులు ఉంటే అది యుద్ధం ఎట్లా అవుతుంది? అమెరికాలో ఊండెడ్ నీ అనే చోట 1890 డిసెంబరు 29న సైన్యం రెండు వందల యాభైకి పైగా లకోటా జనాన్ని చంపింది, ఆడవాళ్ళు, పిల్లలు కూడా. దానికి మొదట పెట్టిన పేరు యుద్ధం. ఇరవై మంది దాకా సైనికులకు శౌర్య పతకాలు ఇచ్చారు. యుద్ధం అన్నామంటే చంపినవాడు వీరుడు అయిపోతాడు. అదే దేశంలో లిటిల్ బిగ్ హార్న్ అనే ఇంకో చోటు ఉంది. 1876లో అక్కడ ఆదివాసులే గెలిచారు, కస్టర్ అనే దళపతి తన దళంతో సహా చచ్చాడు. గెలిచింది ఆదివాసులు, చోటుకు పేరేమో కస్టర్ యుద్ధభూమి! సైనికులు పడ్డ చోటల్లా తెల్ల రాళ్ళు పాతారు. పేరు మార్చింది 1991లో, అంటే 115 ఏళ్ళకు. ఆదివాసీ వీరులు పడ్డ చోట్ల ఎర్ర రాళ్ళు పాతడం మొదలైంది ఆ తర్వాతే. కాబట్టి చోటుకు మనం పెట్టే పేరు చిన్న విషయం అనుకోకండి.

మా హాస్టల్లో ఇంద్రవెల్లి వైపు పిల్ల ఒకతె ఉంది. పేరు చెప్పను. గ్రూపులో ఓటింగ్ పెట్టిన రోజు అందరూ ఓటేశారు, తను వేయలేదు. రాత్రి అన్నం దగ్గర అడిగాను. "మా తాత కాలులో ఇప్పటికీ ఆ నొప్పి ఉంది మేడం. ఆయన చెప్పడు, మేము అడగం. మా వాళ్ళు వస్తే చాయ్ పెడతాం. కథ చెప్పమని మాత్రం అడగొద్దు" అంది. అంతకు మించి ఏమీ అనలేదు.

అందుకే నా మాట. ఇంద్రవెల్లికి పోదాం, కానీ జలపాతానికి, భోజనానికి మధ్యలో వద్దు. కుంటాల తీసేయండి, జనవరిలో నీళ్ళు కూడా అంతంత మాత్రమే. స్తూపం దగ్గర దిగుదాం, చెప్పులు విడుద్దాం, ఎంతసేపైతే అంతసేపు ఉందాం. వీడియో వద్దు, నినాదాలు వద్దు. ఎవరైనా ముసలాయన వచ్చి తానుగా మాట్లాడితే విందాం. చావు ఇంటికి పోయినప్పుడు మనం ఏం చేస్తామో అదే.

మేడారం లిస్టులో ఎందుకు లేదని ఒక చెల్లె అడిగింది. నాది ఏటూరునాగారం దగ్గర కోయ ఊరు, కాబట్టి ఈ జవాబు నేనే చెప్పాలి. సమ్మక్క, సారక్క కాకతీయ రాజు సైన్యంతో కొట్లాడారు, జంపన్న ఆ వాగులో పడ్డాడు, సమ్మక్క చిలకలగుట్ట వైపు పోయి కనబడలేదు. లెక్కకు అది కూడా పోరుగడ్డే. కానీ మాకు అది తల్లుల గద్దె. అక్కడికి యాత్రికురాలిగా పోవడం నాకు చేతకాదు, బిడ్డగానే పోతాను. మిగతా వాళ్ళు పోవాలనుకుంటే జాతర లేని రోజుల్లో రండి, మా ఊర్లో అన్నం పెడతాం. చందా డబ్బులు దానికి వద్దు.

చెల్లె మాట వచ్చింది కాబట్టి ఇది కూడా చెప్పేస్తాను. మీ ప్రణాళికలో మొదటి పేజీలో "బాలురకు మాత్రమే, వసతి ఇబ్బంది వల్ల" అని ఉంది. నేను ఈ వేదిక ఎక్కడానికి ఒప్పుకున్నది ఆ లైను కోసమే. వసతి ఇబ్బంది అంటే ఏంటి? ఒక హాలు, రెండు బాత్రూములు. హాలు ఆడపిల్లలకు ఇవ్వండి, మగపిల్లలు వరండాలో పడుకోండి, దుప్పట్లు నేను ఇప్పిస్తాను. తలుపుకు గడియ ఉందో లేదో ముందు రోజు ఇద్దరు పోయి చూసి రండి. ఇళ్ళకు ఫోన్లు నేను చేస్తాను. వార్డెన్ కూడా వస్తుందంటే మన తల్లిదండ్రులు ఒప్పుకుంటారు, ఇన్నేళ్ళలో నాకు తెలిసిన సంగతి అది. ఇరవై సీట్లు ఆడపిల్లలవి. సమ్మక్క, సారక్కల పేరు బ్యానరు మీద రాసుకుని, ఆడపిల్లలను హాస్టల్లో వదిలేసి పోరుగడ్డకు పోతామంటే నాకు నవ్వొస్తుంది. కార్యదర్శి గారు తల ఊపుతున్నారు. ఊపితే చాలదు తమ్ముడూ, ఆ లైను కొట్టేసి సంతకం పెట్టు.

మొత్తానికి నా ఓటు చెప్తాను, మీరు వేరేగా వేసుకోవచ్చు. ఈ ఏడు జోడేఘాట్. కృష్ణదేవిపేట తక్కువది కాబట్టి కాదు. అల్లూరి గురించి మీకు ఇప్పటికే కొంత తెలుసు, గంటం దొర, మల్లు దొర గురించి ఏమీ తెలియదు. తెలియకుండా పోతే సమాధి చూసి, లంబసింగిలో మంచు చూసి వస్తాం. ఏడాది టైం తీసుకుని, చదివి, అక్కడి మన్యం పిల్లలతో ముందే మాట్లాడుకుని, వచ్చే చలికాలం పోదాం. జోడేఘాట్ విషయంలో మనకు ఒక సౌకర్యం ఉంది. ఆ దారి ఊర్ల పిల్లలు ఇదే క్యాంపస్‌లో చదువుతున్నారు. గైడుకు డబ్బులు పెట్టొద్దు, వాళ్ళను అడగండి. అల్లం రాజయ్య, సాహు రాసిన కొమురం భీము నవల ఉంది, బస్సెక్కేలోపు చేతులు మార్చుకుని చదవండి.

ఇంకో ముఖ్యమైన సంగతి, జోడేఘాట్ వాళ్ళు మనలను అడిగే ప్రశ్న ఉంటుంది. "మీరు పెద్ద చదువులు చదువుతున్నరు కదా, మా పట్టా కాగితం చూసి చెప్పండి" అంటారు. పోడు పట్టాలు కొందరికి వచ్చాయి, కొందరికి రాలేదు, వచ్చినవాళ్ళ కాగితంలో విస్తీర్ణం తక్కువ పడిందన్న గొడవలు అన్ని మన్యాల్లో ఉన్నాయి. మ్యూజియం చూడటానికి వచ్చాం అని తప్పించుకోవద్దు. మనలో లా చదివే వాళ్ళు నలుగురు ఉన్నారు. 2006 అటవీ హక్కుల చట్టం, 1/70 చట్టం, రెండూ ఒకసారి చదువుకుని రండి. ఒక పూట ఊర్లో చెట్టు కింద కూర్చుని కాగితాలు చూడండి. తెలిసింది చెప్పండి, తెలియనిది రాసుకుని వచ్చి కనుక్కుని ఫోన్ చేయండి.

జాగ్రత్తలు చెప్పమన్నారు కదా, అవి కాగితం మీద రాసి తెచ్చాను, కార్యదర్శికి ఇస్తాను. మందులు, మంచినీళ్ళు, ఆడపిల్లలకు కావాల్సినవి, టార్చిలైటు. మందు సీసా కనబడితే బస్సు అక్కడే ఆగుతుంది, అంతే.

మిగిలింది ఆర్కైవ్స్ పని. విద్యార్థులు పోవాలంటే డిపార్ట్‌మెంట్ నుంచి ఉత్తరం, గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకోండి. ఉత్తరం సంగతి హిస్టరీ పిల్లలు చూసుకుంటారు. అక్కడి నిజాం కాలం కాగితాలు చాలావరకు ఉర్దూలో, ఫారసీలో ఉంటాయి. మన ఆదిలాబాద్ వైపు పిల్లల్లో ఉర్దూ మాట్లాడేవాళ్ళు చాలామంది ఉన్నారు, చదవగలిగేవాళ్ళు ఎంతమంది? ఒక్కరూ లేరా? ఉర్దూ డిపార్ట్‌మెంటులో స్నేహితులు ఎవరికైనా ఉంటే ఈ రాత్రే మాట్లాడండి. సోమవారం పొద్దున పదిన్నరకు తార్నాక మెట్రో మెట్ల కింద కలుద్దాం. టిఫిన్ తినేసి రండి, లోపలికి పెన్ను కాకుండా పెన్సిలు తెచ్చుకోండి.